కోయిలలు రాని వేసవి

చికాకోలు నుంచి చిలకా దాకా మీరు ఎన్ని ఊళ్ళయినా తిరగండి, సూర్యారావు చెవిలాంటి చెవి మీకు దొరకదు. చిలకా ఒడ్డున రంభ ఊళ్ళో పీత పక్కకి నడిస్తే బరంపురంలో ఆయన తల తిప్పేవాడు. రైలు ఛత్రపురం స్టేషను విడవకముందే అందులో ఏ పెట్టె చక్రం వంకరో చెప్పేవాడు. ఇంట్లో కూర ఉడికే చప్పుడు విని "ఉప్పు తగ్గిందే" అని వీధరుగు మీంచి కేకేసేవాడు, సత్యభామ రుచి చూస్తే నిజంగానే తగ్గేది. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా మీసం గొరిగించుకుంటాను.

అటువంటి చెవి కనుకనే ఊరి చివర కొండ దిగువనున్న రైఫిల్ క్లబ్బువాళ్ళు ఇత్తడి పని ఆయనకి అప్పగించారు. తూటా పేలాక తుపాకీలోంచి ఊడిపడే ఖాళీ తొడుగు ఉంటుంది చూశారూ, చూపుడువేలి మందాన, మూతి దగ్గర సన్నబడి, చిన్న సీసాలా ఉండే ఇత్తడి తొడుగు, అది ఒక్కసారికి పారేసే వస్తువు కాదు. కడిగి, అడుగున పేలిపోయిన చిన్న టోపీని ఊడగొట్టి, వేడికి ఉబ్బిన ఒంటిని ఉక్కు అచ్చులో అదిమి పాత కొలతకి తెస్తే మళ్ళీ పనికొస్తుంది. మందు పొయ్యడం, గుండు బిగించడం క్లబ్బులోనే, తాళమేసిన గదిలో, శివప్రసాద్ చేతి మీద. ఆయన పాత మిలటరీ మనిషి, ఆ పనికి కాగితాలున్నవాడు. సూర్యారావు ఇంటికి వచ్చేవి ఖాళీ తొడుగులే.

ఆ గురువారం పొద్దున్న గోనెసంచి ఒకటి అరుగు మీద దిగింది. ఎవరెవరో ఎక్కడెక్కడో కాల్చి అమ్మేసిన సెకండ్‌హ్యాండ్ సరుకు. సూర్యారావు పాత దుప్పటి పరిచి దాని మీద ఒంపాడు. వలలోంచి కవళ్ళ చేపలు కుమ్మరించినట్టు ఇత్తడి పారింది. ఎండ పడి గోడంతా పచ్చటి చుక్కలు ఈదాయి. ఎందుకో ఈమధ్య ఏది ఒంపినా దూది పడ్డట్టే పడుతోంది. దుప్పటి మందంగా ఉందనుకున్నాడు.

అడుగున చెక్కిన అక్షరాలు చూసి ఏ కంపెనీది ఆ కంపెనీ కుప్పలో పడేస్తూ పోయాడు. "ఒక తల్లి పిల్లలు ఒక కంచంలో తినాల" అనేవాడు. రెండు రకాలు కలిస్తే ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా, గురి చెట్టెక్కి కూచుంటుంది. ఏరినవాటిని సత్యభామ చింతపండు పులుసులో, చిటికెడు హుమ్మ ఉప్పు వేసి కడిగేది. హుమ్మ ఉప్పుమళ్ళు ఆవిడ పుట్టిల్లు. పులుసులో ఎక్కువసేపు నానితే ఇత్తడి గులాబిరంగుకి తిరిగి బలం చస్తుంది కాబట్టి ఎప్పుడు తియ్యాలో ఆవిడకి వదిలేశాడు. తీసినవి మేడ మీద ఆరేవి. ఒక పక్క తొడుగులు, ఒక పక్క ఎండు నెత్తళ్ళు. మధ్యలో వెదురుకి వేలాడుతూ కాకుల దండ. పనికిరాని తొడుగుల్ని పురికొసకి గుచ్చి సత్యభామే కట్టింది. గాలికి అవి ఒకదాన్నొకటి తాకితే కాకులు చేపల మీద వాలవు.

నిన్న ఆరినవి ముందు పెట్టుకుని సూర్యారావు ముక్కాలి పీట మీద కూచున్నాడు. బల్లకి బిగించిన ప్రెస్సు పిడికి ఆయన అరచెయ్యి అలవాటైపోయింది. రెండు వేళ్ళ మధ్య చుక్క గ్రీజు రాసుకుని తొడుగుని ఒక్కసారి తిప్పేవాడు. ఎక్కువైతే ఇత్తడి ఒళ్ళు సొట్టపోతుంది, తక్కువైతే అచ్చులో ఇరుక్కుని కూచుంటుంది. పిడి కిందికి నొక్కితే మొదట కాస్త మొరాయించి, తరవాత కొత్త కోడలు గడప దాటినట్టు మెల్లగా లోపలికి వెళ్ళేది. బయటికొచ్చాక వంచిన తీగని లోపలికి దూర్చి గోడలు తడిమేవాడు. అడుగు దగ్గర గాడి తగిలితే ఆ తొడుగు పని అయిపోయినట్టే. ఇవన్నీ చేతి పనులు. ఆఖరిది చెవి పని.

మూతి దగ్గర వెంట్రుకవాసి చీలిక కంటికి ఆనదు. అందుకని సూర్యారావు తొడుగుని కింది పెదవికి ఆనించి ఊదేవాడు. చీలిక లేని నిండు తొడుగు పిట్టలా కూస్తుంది. చీలినది జలుబు చేసిన మేకలా బుస్సుమంటుంది. చీలినదాని మూతిని ప్లయరుతో ఒక్క నొక్కు నొక్కి కొబ్బరిచిప్పలోకి విసిరేవాడు, మళ్ళీ ఎవరూ పొరబడకుండా. అవే సత్యభామ దండలోకి ఎక్కేవి.

"ఈయేడు కోయిలలు రానేదే," అన్నాడు ఊదుతూ ఊదుతూ ఆగి. "మామిడి పూసింది, కాసింది. ఒక్క కోయిలైనా కూసిందా?"

సత్యభామ గుమ్మంలో కూచుని అడకత్తెరతో వక్క కత్తిరిస్తోంది. పక్కింటి మామిడిచెట్టు కేసి కాసేపు చూసింది.

"నేదు," అంది. "పుట్టింటికి ఎల్లుంటాది."

"దసరా కాడ్నుంచి దోమలు కూడా నేవు. మునిసిపాలిటీని మెచ్చుకోవాల. రాత్రి సెవి దగ్గిర ఒక్కటి ముసిరితే ఒట్టు."

"మెచ్చుకుందూ గాన్లే. ముందు మోసేతి మీద ఆ దద్దుర్లకి సున్నం రాసుకో."

"ఉక్కపొక్కులే అవి!"

ఈ మాట ఆయన వీధి వీధంతా చెప్పాడు. బరంపురంలో దోమ అనేదే లేదన్నాడు. వినేవాళ్ళు తమ మెడలు చరుచుకుంటూ విన్నారు. ఆయన ఏ కథకైనా చివర తోక ఉంటుంది గదా, ఎప్పటికో నవ్వొచ్చే మాట వస్తుందని ఓపిక పట్టారు.

పదకొండు గంటలకి రేష్మ వచ్చింది. వీధి చివరి ఇంటి పిల్ల, కాలేజీ చదువు, క్లబ్బులో పెద్ద రైఫిలు కాలుస్తుంది. ఆదివారం కటకంలో పోటీ. ఆ పోటీకి వాడే తొడుగుల్ని సూర్యారావే ఏరి, డబ్బాలో పోసి, సోమవారమే క్లబ్బుకి పంపాడు.

"తాతా, నా డబ్బాలో తేడా ఏటీ నేదు గదా?"

"గుంటకి అనుమానం సూడే," అన్నాడు సత్యభామతో. "నాను ఏరిన డబ్బాలో తేడా!"

"అనుమానం కాదు తాతా, బయ్యం. సీలినది పేలితే మంట గాలి ఎనక్కి తన్నుతాది. కాల్చీటప్పుడు నా చెంప తుపాకీ కర్ర మీద ఉంటాదా? కర్ర మీద కాదు, నీ సెవి మీద పెట్టి కాలస్తన్నాననుకుంటాను."

సూర్యారావుకి ఆ మాట ఎంత నచ్చిందంటే, తలపాగా లేకపోయినా ఉన్నట్టు సర్దుకున్నాడు.

ఆ పిల్ల ఊరికే ఉండక ఒక తొడుగు తీసి పెదవికి ఆనించింది. బుగ్గలు పొంగడం చూసి ఆయన చెయ్యెత్తాడు.

"ఏయ్, ఒగ్గీ! ఆడపిల్ల ఇంట్లో ఈలెయ్యకూడదు. లచ్చిందేవి గడప దాటి ఎల్లిపోతాది."

"తుపాకీ పేలిస్తే ఎల్లదా?"

"తుపాకీ సంగతి శాస్త్రంలో రాయనేదు."

రేష్మ పకపకా నవ్వి, సత్యభామ వైపు చూసింది. సత్యభామ వక్కల మీదికి తల దించేసింది. ఆడవాళ్ళ మధ్య ఏదో చూపు అటూ ఇటూ వెళ్ళినట్టు సూర్యారావు గమనించాడు గాని, ఆడవాళ్ళ చూపులకి తీగ దూర్చి తడమడం తన పని కాదనుకున్నాడు.

అన్నం తిని చాప మీద వాలాడు. సముద్రపు గాలి ఏ దారిన వచ్చిందో కిటికీలోంచి మెత్తగా వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంది. కలలో ఆయన చిలకాలో ఉన్నాడు. నీళ్ళు మేడ ఎత్తున నిలబడి ఉన్నాయి. ఇత్తడి చేపలు గుంపులుగా ఎక్కుతున్నాయి, ఒక్కొక్కటీ నోరు తెరిచి సన్నగా కూస్తోంది. ఒకటి కూసి ఆగితే ఇంకొకటి. ఎంత స్పష్టంగా వినిపించిందంటే, ఈమధ్య మెలకువలో ఏ చప్పుడూ అంత స్పష్టంగా వినలేదు. లేచాక కూడా ఆ తీపి చెవిలో కాసేపు ఉంది. సత్యభామ మేడ మీంచి దిగివస్తోంది, చేతిలో అడకత్తెర.

"మేడ మీద వక్కలేటి?" అన్నాడు.

"కాకులు," అంది.

సాయంత్రం అమ్మవారి ఘటం వీధిలోకి వచ్చింది. జాత్ర జరిగే ఏడాది కదా, రెండేళ్ళకోసారి వచ్చే సందడి, ఊరు ఊరంతా పసుపు నీళ్ళ వాసనేసింది. ప్రతి గుమ్మం ముందూ ముగ్గు, మామిడాకుల చెంబు. సూర్యారావు ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద నిలబడ్డాడు. డప్పులు ముందొచ్చాయి. వాటి దెబ్బ రొమ్ములోకి దిగి ఎముకల్ని పలకరించింది. తరవాత పువ్వులతో నిండిన ఘటం, దాన్ని మోస్తున్న ఆవిడ తూలే నడక, చుట్టూ దీపాలు. ఇంటి ముందుకి రాగానే ఆడవాళ్ళందరూ ఒక్కసారి ముందుకి వంగారు. హుళహుళి చెయ్యడానికి. ఒడియా ఆడవాళ్ళు శుభానికి నోట్లో నాలుక ఆడిస్తూ చేసే ఆ సన్నటి కూత ఈ వీధిలో తెలుగు ఆడవాళ్ళందరికీ ఎప్పుడో వచ్చేసింది. సత్యభామ కూడా వంగింది. నోరు తెరిచింది. నాలుక ఆడింది.

చప్పుడు రాలేదు.

సూర్యారావు నవ్వబోయాడు. ముసలిదానికి ఊపిరి చాల్లేదనుకున్నాడు. పక్కావిడ కేసి చూశాడు. ఆవిడ నాలుకా ఆడుతోంది. ఆ పక్కన రేష్మ, రేష్మ తల్లి, వీధి వీధంతా నోళ్ళు తెరిచి, నాలుకలు చిన్న దీపాల్లా అల్లాడిస్తున్నారు. డప్పు వినిపిస్తోంది. ఎక్కడో లారీ హారను వినిపిస్తోంది. ఆ కూత ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. నీళ్ళ అడుగునుంచి పైనున్న మనుషుల్ని చూసినట్టుంది. ఒక పిల్లాడు బూర ఊదుకుంటూ ఆయన మోకాలి పక్కనుంచే వెళ్ళాడు, బుగ్గలు ఎర్రగా పొంగాయి, బూర మూగగా వెళ్ళిపోయింది.

అప్పుడు ఆయన తలెత్తి పక్కింటి మామిడిచెట్టు చూశాడు. దీపాల వెలుగుకి బెదిరిన కోయిల ఒకటి చిటారు కొమ్మన కూచుని ఉంది. గొంతు కమ్మరి తిత్తిలా పొంగుతోంది, తగ్గుతోంది.

కోయిలలు వచ్చాయి. దోమలూ ఉన్నాయి. ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళింది తన చెవి, సన్నటి కూతలు వినే చెవి.

సూర్యారావు మోసేతి మీది దద్దుర్లని నిమురుకున్నాడు. అప్పటికి ఆయనకి ఒక్కటే గుర్తొచ్చింది. సోమవారం పంపిన డబ్బా.

శుక్రవారం తెల్లారీ తెల్లారకముందే బల్ల దగ్గరికి వెళ్ళాడు. ప్లయరుతో తను నొక్కిన తొడుగొకటి చిప్పలోంచి తీసి, నొక్కు విప్పి ఊదాడు. పెదవి మీద గాలి. నిండు తొడుగొకటి తీసి ఊదాడు. పెదవి మీద గాలి. రెండూ ఒకటే. ఇన్నాళ్ళూ తను విన్నది ఏమిటి మరి? అలవాటుని విన్నాడు. ఊదితే కూస్తుందని తెలుసు కాబట్టి కూసిందనుకున్నాడు. మధ్యమధ్య ఏదో ఒకటి అనుమానం మీద పక్కన పడేసి, పని చేశాననుకున్నాడు.

సైకిలు తీశాడు. "కాపీ తాగీసి ఎల్లు" అని సత్యభామ పెదవులు ఆడాయి. ఆగలేదు.

క్లబ్బులో శివప్రసాద్ వరండాలో కూచుని తుపాకీ గొట్టంలోకి గుడ్డ చుట్టిన కడ్డీ తోస్తున్నాడు. బలంగా మాట్లాడే మనిషి, గొంతు లావు. అందుకే కాబోలు ఆయన మాట ఎప్పుడూ అందేది.

"రేష్మ డబ్బా ఇలాగియ్యి," అన్నాడు సూర్యారావు. "నింపీసినావా?"

"నేదు బాబాయ్, రేపు నింపుతాను. ఏటికి?"

"మళ్ళీ ఓపాలి సూడాల."

"నువ్వు సూసీసిందాన్ని నాను సూడను, ఆ దేవుడూ సూడడు. కూకో, టీ సెప్తాను."

అబద్ధం నాలిక చివర తయారుగానే ఉంది. రెండు రకాలు కలిసినట్టున్నాయి అంటే చాలు, డబ్బా చేతికొస్తుంది, ఎవరికీ ఏమీ తెలీదు, బల్ల బల్లలానే ఉంటుంది, తను తనలానే ఉంటాడు. కాని డబ్బా ఇంటికి తీసుకెళ్ళి మాత్రం ఏం చేస్తాడు? మళ్ళీ గాలి ఊదుకుంటాడు. రేష్మ చెంప కళ్ళముందు కదిలింది, నునుపుగా, ఇంకా మొటిమలు మానని చెంప.

"నా సెవి పోయిందిరా, శివా."

శివప్రసాద్ నవ్వి, తోక కోసం ఎదురు చూశాడు. ఈ కథకి తోక రాలేదు. కడ్డీ ఆగింది.

"ఎప్పట్నుంచి?"

"కోయిలలు రానప్పట్నుంచి."

"కోయిలలు వొచ్చి సానాళ్ళయింది, బాబాయ్."

"అదే సెప్తన్నాను."

జీడిమామిడి తోటలోంచి ఎండు వాసన వచ్చింది. శివప్రసాద్ చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తరవాత, "ఒక్క మాట సెప్తాను, కోపం తెచ్చుకోకు," అన్నాడు. "దసరా ముందు నీ డబ్బాల్లో ఒకటీ అరా సీలినవి తగిలీవి. పెద్దోడివి, నీతో ఏటి సెప్తానని నానే ఏరీసి ఊరుకునీవోణ్ణి. దసరా ఎళ్ళిన కాడ్నుంచి ఒక్కటీ నేదు. ఇదేటిది? సెవి ఉన్నప్పుడు సీలినవి వొచ్చీవి, సెవి పోయేక రాటం మానీసినాయి!"

విన్నారు కదా. పీత నడక, రైలు చక్రం, కూర ఉప్పు అని మొదట్లో నేను కోసిన కోతలన్నీ ఒక్క పోటున పోయాయి. చెవి బాగున్న రోజుల్లో కూడా ఆయన చెవి మీ చెవిలాంటిదే, నా చెవిలాంటిదే, ఒకటీ అరా వదిలేసేది. మీసం గొరిగించుకొమ్మంటారేమో. నాకు మీసం లేదు. లేని మీసం మీద పందెం కాయడంలో ఉన్న సుఖం మీకు తెలీదు.

శివప్రసాద్ తాళం తీసి డబ్బా తెచ్చిచ్చాడు. మూత మీద ఎర్ర రంగుతో సూర్యారావు పేరు.

"సెవున్నోడి సేత ఏరించి రేపు మద్దేన్నంలోగా తే బాబాయ్. తేకపోతే ఆ గుంట పోటీకి నా దగ్గిర మరింక తొడుగులు నేవు. ఆ తరవాత నీ పని సంగతి..." అని ఆగి, కొండకేసి చూశాడు. ఆగిన మాట మాత్రం సూర్యారావుకి బాగానే వినిపించింది.

ఇంటికి తిరిగి వస్తుంటే రోడ్డు ఎండలో మెత్తబడి ఊగుతోంది. లారీలు పక్కనుంచి పెద్ద పెద్ద ఊపిర్లలా వెళ్ళాయి. తాటిచెట్లు మాట్లాడుకుని మానేసినట్టు నిలబడ్డాయి. సైకిలు క్యారియరు మీద డబ్బా గంతులేస్తోంది, కాని నిద్రపోతున్న పిల్లలా చప్పుడు లేదు. దసరా ఎళ్ళిన కాడ్నుంచి. చెవున్నోడు. ఆ రెండు మాటలూ చక్రానికి కట్టినట్టు తిరిగాయి.

ఇల్లు చేరి నేరుగా మేడెక్కాడు. ఎవరూ లేరు. ఆరుతున్న ఇత్తడి, ఆరుతున్న నెత్తళ్ళు. కాకుల దండ గాలికి ఊగుతూ తనలో తను ఏదో చెప్పుకుంటోంది. దాని కింద నిలబడి చేత్తో పట్టుకున్నాడు.

పై తొడుగులు నల్లబడ్డాయి, పాతవి. మూతి దగ్గర ప్లయరు నొక్కు. పళ్ళ గీతలున్న, చదునైన నొక్కు, తన చేతిది. వేళ్ళు కిందికి జరిపాడు. మరొకటి, మరొకటి. దండ సగానికి వచ్చేసరికి వేలికి వేరే నొక్కు తగిలింది. పళ్ళ గీతల్లేవు. ఒక పక్క వంపు, ఒక పక్క పదును. వెలుగులోకి తిప్పి చూశాడు. వక్కని పట్టుకుని కొరికే నోరు అది.

అక్కణ్ణుంచి కింది దాకా దండలో దాదాపు అన్నీ అడకత్తెర గాట్లే. తన నొక్కు ఎక్కడో ఒకటి కనిపించింది. దాన్ని ఎండలో పెట్టి, కళ్ళద్దాలు సవరించుకుని చూస్తే, మూతి చక్కగా ఉంది. చీలని తొడుగుని చంపేశాడు తను.

మెట్ల మీద నీడ పడింది. సత్యభామ నెత్తళ్ళ చేట చంకన పెట్టుకుని వచ్చింది. ఆయన చేతిలో దండ చూసింది. చేట దింపి, చీరచెంగుతో మొహం తుడుచుకుంది. దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడి మాట్లాడింది. ఆలోచిస్తే ఈ మధ్య ఆవిడ ఎప్పుడూ అలాగే, ఎదురుగా నిలబడే మాట్లాడుతోంది.

"ఎప్పట్నుంచే?" అన్నాడు.

"దసరాకి దోమల్నేవన్నావు సూడు. ఆయేళ నుంచి."

"నాను తొంగున్నప్పుడా?"

"మరెప్పుడు? నువ్వు ఏరీసిన డబ్బా తెచ్చి, ఇక్కడ కూకుని మళ్ళీ ఊదీదాన్ని. సీలినవి తీసి కొరికీసీదాన్ని. ఉప్పుమళ్ళల్లో పుట్టి, ఆ మడికీ ఈ మడికీ ఈలేసి పిలుసుకుంటా పెరిగినదాన్ని, ఈలెయ్యడం నాకెవరు నేర్పాల?"

"ఆడదానివి, ఈలా!"

"ఇంట్లో కదా ఎయ్యకూడదన్నావు. మేడ మీద ఇల్లు కాదు గదా."

నిన్న మధ్యాహ్నం ఆయన కలలో నోరు తెరిచి కూసిన ఇత్తడి చేపలు ఒక్కొక్కటీ మేడ దిగి వెళ్ళాయి.

"మరి నాకు సెప్పొద్దేటే?"

"సెప్పాను," అంది సత్యభామ. "నీ పక్కనే కూకుని, రెండు మాట్లు సెప్పాను. నీకు ఇనిపించనేదు. ఎదురుగుండా నిలబడి సెప్పడానికి నాకు నోరాడనేదు."

సూర్యారావు పిట్టగోడకి ఆనుకుని కూచున్నాడు.  వీధి వీధికీ తన చెవి గురించి చెప్పుకున్న మాటలన్నీ ఇప్పుడు అరువు పంచె కట్టుకుని ఊరేగినట్టున్నాయి. అరువిచ్చిన చెవి ఆవిడది.

"రేష్మ డబ్బా కూడా ఊదీసినావా?"

"ఊదీసినాను. అందులో ఏటీ నేదు, నిబ్బరంగా ఉండు."

"మళ్ళీ ఊదాల. శివప్రసాద్‌కి సెప్పీసినాను, నా సెవి పోయిందని."

ఆవిడ ఈసారి నిజంగా కంగారు పడింది. "సెప్పీసినావా! పని తీసీత్తాడు కాదేటి?"

"సెవున్నోడి సేత ఏరించి తెమ్మన్నాడు. దా, కిందకి."

"కిందెందుకు? ఇక్కడే కూకుంటాను."

"ఇక్కడ కాదు. నడింట్లో, నా బల్ల దగ్గిర, నా పీట మీద. తలుపులు తీసి పెట్టి."

"లచ్చిందేవి ఎల్లిపోతాదన్నావు."

"ఎల్తే ఎల్లనీ. ఉన్నన్నాళ్ళూ మాత్రం ఏటి సేసింది? నువ్వు ఈలెయ్యవే."

శనివారం పొద్దున్న ఆ ఇంటి తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. సత్యభామ మొదట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊదింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. పక్కింటి ఒడియా ఆవిడ, పిన్నీ అన్నట్టు, "మాఉసీ!" అని గుమ్మంలో నిలబడి నోరు తెరిచింది. కాసేపటికి చెంగు దానంతటదే జారిపోయింది. ఆవిడ కూచున్న తీరు మారింది. మోకాళ్ళు ఎడంగా, వెన్ను నిటారుగా, పెదవి మీద ఇత్తడి. ఒక్కొక్కటి ఊదడం, ఒక క్షణం ఆగడం, డబ్బాలో వెయ్యడం. రేష్మ డబ్బా అయ్యాక, సూర్యారావు ఎదురుగా కింద కూచుని గురువారం సంచిలోని తొడుగుల్ని తీగతో తడిమి అందించాడు. గ్రీజు రాశాడు, పిడి నొక్కాడు. చేతులకి ఏ చెవుడూ లేదు.

కాసేపయ్యాక ఆయన ఒక పని చేశాడు. ఆవిడ ఊదుతుంటే తొడుగు అడుగున చూపుడువేలు ఆనించాడు. నిండు తొడుగు కూసినప్పుడు సన్నటి వణుకొకటి వేలి చివర నుంచి మణికట్టు దాకా ఎక్కింది, దూరాన రైలు వస్తుంటే పట్టా వణికినట్టు. చీలినదానికి వణుకు లేదు.

"ఇది మంచిది," అనేవాడు ఆవిడకంటే ముందే. "ఇది సీలింది." ఒక్కటీ తప్పలేదు.

డబ్బా మూత మీద తన పేరు పక్కన ఖాళీ ఉంది. కిటికీలకి వేసిన ఎర్ర రంగు అడుగున కాస్త మిగిలితే, అగ్గిపుల్లతో తీసి సత్యభామ పేరు రాశాడు. "సత్య" దాకా బాగా వచ్చింది, "భామ" జాగా చాలక మూత అంచున వంగి నడిచింది.

మధ్యాహ్నం కాకముందే రేష్మ డబ్బాని క్లబ్బుకి తీసుకెళ్ళడానికి వచ్చింది. మూత చూసింది, మామ్మని చూసింది.

"నీ చెంప ఇకనుంచి మామ్మ సెవి మీద పెట్టు," అన్నాడు సూర్యారావు. "నాది దోమలు తినీసినాయి."

ఆ పిల్ల ఆదివారం ఎర్ర గీత కూడా లేని చెంపతో తిరిగొచ్చింది. పతకం సంగతి నన్నడక్కండి, అది వేరే కథ. సోమవారం మరో గోనెసంచి అరుగు మీద దిగింది. శివప్రసాద్ స్వయంగా మోసుకొచ్చాడు, వస్తూ వస్తూ "పిన్నీ, సరుకు ఎక్కడ దింపమంటావు?" అని సత్యభామనే అడిగాడు.

ఇంత దూరం వచ్చాక ఒకటి ఒప్పుకోవాలి. కోయిలలు నిజం, దోమలు నిజం, అడకత్తెర గాట్లు నిజం. ఆ వేలికెక్కిన వణుకు మాత్రం నేను కల్పించాను. అంత సన్నటి వణుకు ఏ ముసలి వేలికీ తెలీదు. ఆయన వేలు ఆనించింది ఉత్తుత్తికే. ఆయన చూస్తున్నది సత్యభామ మొహం. తొడుగు నిండుగా కూస్తే ఆవిడ ఎడమ కనుబొమ రవ్వంత పైకి లేస్తుంది. చీలితే లేవదు. అంతే కిటుకు. ఆ సంగతి ఆవిడకి అరగంటలో తెలిసిపోయింది. అందుకే అప్పుడప్పుడు చీలినదానికి కూడా కావాలని కనుబొమ ఎగరేసేది. ఆయన వేలు ఆనించి, కళ్ళు మూసుకున్నట్టు నటించి, గంభీరంగా "మంచిది" అనేవాడు. ఆవిడ ఆ తొడుగుని అడకత్తెర కింద పెట్టి, కసుక్కున కొరికి, కడుపు పట్టుకుని నవ్వేది.